దివాను దారిలో దాసరి పిట్ట

పరదేశయ్య స్వామిని ఎవరేం అడిగినా జవాబు తర్వాతి సంగతి, ముందు చేతికో పని తగిలేది. కొండమీది ఆ మఠంలో ఇది తెలియనివాళ్లు లేరు. అయినా స్వామి శిష్యుడు పండన్న అడిగాడు. అడక్క ఏం చేస్తాడు మరి? దొరగారి వేటకి అడవి కావాలట, అందుకని పండన్న పుట్టిన గూడెం ఖాళీ చెయ్యాలని హుకుం. జవాబు వినడానికి దొరగారి దివాను ఆ పొద్దునే మఠానికి వస్తున్నాడు. నీ నోట ఏది వస్తే అదే మా మాట అని గూడెం అంతా పండన్న మీదే భారం వేసింది.

“స్వామీ, వాళ్లకి తుపాకులున్నాయి. మాకేమో నాలుగు గుడిసెలు. ఎదురు నిలిచి ఏం లాభం?”

స్వామి కత్తి అందించాడు. “దివానుగారి పల్లకికి దారిలో కొమ్మ అడ్డమట. కొట్టి రా నాయనా.”

పండన్నకి ఒళ్లు మండింది. ఊరు పోతుంటే కొమ్మల గొడవేమిటని గొణుక్కుంటూ వెళ్లాడు. కొమ్మ మీద చెయ్యి వేశాడో లేదో, దాసరి పిట్ట ఒకటి మొహం మీదికి దూకింది. ఈగల్నీ దోమల్నీ పట్టుకు తిని బతికే పిట్ట. గుప్పెడైనా లేని ఒళ్లు, విసనకర్రలా విప్పిన తోక. కొమ్మ వంపులో చిన్న గూడు, అందులో కళ్లు తెరవని పిల్లలు. చేత్తో విదిలించాడు, తిరిగి వచ్చింది. తువ్వాలు విసిరాడు, కనుబొమ్మ మీద పొడిచింది. నీ దుంపతెగ, కత్తి కనపడటం లేదా అన్నాడు. కనపడుతూనే ఉంది దానికి, అయినా మళ్లీ వచ్చింది. పండన్నకి సిగ్గేసింది. కత్తి మొలలో దోపుకుని మఠం దారి పట్టాడు.

అంతలో పల్లకి రానే వచ్చింది. పిట్ట ముందు బోయీల మీద పడింది, ఆ పైన దివాను తలపాగా మీద. బోయీలు నవ్వాపుకోలేక పల్లకి దించేశారు. అంతటి దివానుగారూ కొమ్మ కింద నడుం వంచి దూరి, నడుచుకుంటూ మఠానికి చేరాడు.

“కొమ్మ కొట్టలేదేం? సరే, గూడెం ఎప్పుడు కదుపుతున్నారు?”

“కదలమండి,” అన్నాడు పండన్న. “తుపాకులు తెచ్చుకోండి. మేం ఇక్కడే ఉంటాం.”

దివాను మొహం కందగడ్డయింది. స్వామి వైపు తిరిగాడు. “ఇదేనా మీరు నేర్పే చదువు?”

“నేను నేర్పలేదు దివానుగారూ,” అన్నాడు స్వామి. “మీకు దారి చెయ్యమని పంపితే, అక్కడ నేర్చుకొచ్చాడు.”