నాలుగు వందల యాభై వాట్ల లెక్క

తన లెక్క తప్పని ఎవరైనా అంటే పెంచలయ్యకు ఒళ్లు మండేది.

నెల్లూరులో జబ్బార్ సాహెబు కంప్యూటర్ల కొట్లో అతను నాలుగేళ్లుగా పని నేర్చుకుంటున్నాడు. ఏ పార్టు ఎన్ని వాట్లు తింటుందో చూడకుండా చెప్పగలడు. గేములాడే పిల్లలు వస్తే చాలు, పక్క కొట్ల వాళ్లు ఎనిమిది వందల యాభై వాట్ల ఎస్‌ఎంపీఎస్ అంటగట్టేవాళ్లు. లోపల పార్టులన్నిటికీ కరెంటు పంచే ఆ పెట్టె అంత పెద్దది ఎందుకని పెంచలయ్య వాళ్లను రోజూ తిట్టేవాడు. తాను మాత్రం కాగితం మీద కూడి, ఆ కూడికకు సరిపోయేదే బిగించేవాడు. తెర వెలిగితే చాలు, కంప్యూటర్ ఇచ్చి పంపేసేవాడు.

ఆ మధ్యాహ్నం ఇందుజ తన కంప్యూటర్ క్యాబినెట్‌ను ఆటోలో వేసుకుని వచ్చింది. డిగ్రీ చదువుతోంది, గేమ్ పోటీల్లో ఒక జట్టులో ఆడుతోంది. ముందురోజు పోటీ మధ్యలో కంప్యూటర్ మూడుసార్లు ఠప్పున ఆగిపోయిందట. మామూలుగా నడుస్తూ, బాంబులు పేలి గోడలు కూలే చోటికి రాగానే చీకటి. సాయంత్రం ఐదింటికి ఆఖరి ఆట. ఇంకొక్కసారి ఆగిందంటే జట్టులోంచి తీసేస్తామని చెప్పేశారు.

"నాసిరకం ఎస్‌ఎంపీఎస్ వేశావన్నా," అంది. "అందరూ పెద్దది వేయించుకోమంటే నువ్వే వద్దన్నావు."

పెంచలయ్య సొరుగులోంచి తన కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. ప్రాసెసర్ నూట ఇరవై ఐదు, గ్రాఫిక్స్ కార్డు రెండు వందల ఇరవై, మిగతావన్నీ కలిపి డెబ్బై ఐదు. మొత్తం నాలుగు వందల ఇరవై. తాను వేసింది నాలుగు వందల యాభైది, అదీ మంచి కంపెనీ సరుకు.

"ఎక్కడ తప్పుందో చూపించు. చూపిస్తే ఈ పనే మానేస్తా."

స్టూలు మీద కూర్చుని కీబోర్డు దులుపుతున్న సాహెబు ఆ కాగితం అందుకుని చదివాడు. కూడిక సరిగ్గానే ఉందన్నాడు. పెంచలయ్య ఇందుజ వైపు చూసి తల ఎగరేశాడు.

సాహెబు లేచి, చేతులు చాపితే ఎన్ని యూపీఎస్ బ్యాటరీలు మోయగలవని పెంచలయ్యను అడిగాడు. మూడు మోస్తానన్నాడు పెంచలయ్య. సాహెబు అతని అరచేతుల మీద మూడు పేర్చాడు. బరువుగా ఉందా అంటే లేదన్నాడు. నిజంగానే చేతులు వణకలేదు. సాహెబు ఇంకో మూడు ఒక్కసారిగా వాటి మీద పెట్టి, పెట్టినంత వేగంగానే తీసేశాడు.

పెంచలయ్య చేతుల్లోని మూడూ దబ్బున నేల మీద పడ్డాయి. ఒకటి అతని బొటనవేలికి తగిలింది.

"ఏంది ఉస్తాద్ ఇది? మూడే గదా అన్నాను. చెప్పకుండా ఇంకా పెడితే ఎట్టా?"

"వెంటనే తీసేశాగా."

"తీసేస్తే ఏం లాభం? అప్పటికే అన్నీ పడిపోయినాయి గదా."

కొట్టంతా వినబడేలా అరిచాడు. అరిచి, ఆగిపోయాడు.

"ఆ గ్రాఫిక్స్ కార్డు చేసేదీ ఇదే," అన్నాడు సాహెబు. "పని మీదపడినప్పుడు రెట్టింపు లాగి, రెప్పపాటులో వదిలేస్తుంది. నువ్వు రాసింది అది కుదురుగా ఉన్నప్పటి లెక్క."

పెంచలయ్య కుంటుకుంటూ అల్మారా దగ్గరికి వెళ్లాడు. పై అరలో ఉన్న ఎనిమిది వందల యాభై వాట్ల పెట్టె విసురుగా లాగాడు.

"సిగ్గుతో తీస్తున్నావా, లెక్కతో తీస్తున్నావా?" అన్నాడు సాహెబు.

అతను కార్డు అంకెను రెట్టింపు చేసి మళ్లీ కూడాడు, మొత్తం ఆరు వందల నలభై వచ్చింది. పెద్ద పెట్టెను మళ్లీ పైన పెట్టి, కింది అరలోంచి ఆరు వందల యాభైది తీశాడు.

బిగించడం అయ్యేసరికి మూడున్నర. తెర వెలిగింది. ఇందుజ తీగలు పీకబోతుంటే పెంచలయ్య ఆపి, ఆమె ముందుకు కుర్చీ జరిపాడు.

"గోడలు కూలే చోటు ఇక్కడే ఆడమ్మా," అన్నాడు. "నేను చూడాలి."