గెలిచినవాడి పీక

కోనమడుగు అడవిలో కుందేలుకి కూతురు పుట్టినా, ముంగిస కొత్త బొరియలోకి మారినా సన్నాయి మోగాల్సిందే. మోగకపోతే శుభకార్యం జరిగిందని అక్కడ ఎవరూ ఒప్పుకోరు.

మేళంలో ముగ్గురు. పుంజు ఎర్రప్ప, కొంగ ధవళయ్య, బాతు చుక్కమ్మ. ఎర్రప్ప ఊదితే మంగలంలో పేలాలు వేగినట్టు స్వరాలు చిటపటలాడుతూ నాలుగువైపులా ఎగిరేవి. ధవళయ్య ఒక్క ఊపిరి పట్టాడంటే, వినేవాళ్ళు తమ ఊపిరి తీసుకోవడం మరిచిపోయి దగ్గేవాళ్ళు. చుక్కమ్మది ఒత్తు, అంటే శ్రుతి సన్నాయి. మొదలుపెట్టిన దగ్గర్నుంచి మంగళం దాకా ఒకటే స్వరం, బుగ్గలు పూరించి, తెగకుండా పట్టాలి. ఆమె ఆగితే తప్ప ఆమె ఊదుతోందని ఎవరికీ తెలియదు.

సన్నాయి మూతికి తగిలించే రెల్లు ముక్కని పీక అంటారు. ముగ్గురికీ పీకలు కోసి, ఎండబెట్టి, చెక్కేది చుక్కమ్మే. దానికో మర్యాద ఉంది. ఒకరి పీక మరొకరికి ఇవ్వాలంటే నేలమీద పెట్టకూడదు. ఇచ్చేవాళ్ళు నోట్లో నానబెట్టి నోటికే అందించాలి. తీసుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని గురువుని తలుచుకుని నోరు తెరవాలి.

ఇంత చక్కటి మేళంలో చిచ్చు కుందేలు పెళ్ళి భోజనాల్లో రాజుకుంది.

"ఒక మాట అడుగుతాను, కోప్పడకండి," అన్నాడు కోతి కొమ్మయ్య, ఎవరైనా కోప్పడితే బాగుండునన్న ఆశతో. "సన్నాయి పట్టినవాళ్ళందరిలోకీ గొప్పవాళ్ళెవరు?"

"ఇంకెవరు, వెనకటి హంస వరాలమ్మ గారు," అంది గేదె మంగాయమ్మ నెమరు ఆపకుండా. "ఆవిడ తోడి రాగం ఎత్తుకుంటే మిట్టమధ్యాహ్నం తామరలు ముడుచుకునేవి."

"నువ్వు చూశావా?"

"మా అమ్మమ్మ చూసింది."

"మా తాతా చూశాడు. ఆ తామరల్ని ఆవిడే తొక్కేసిందని చెప్పేవాడు."

"మీ తాత కొమ్మ మీద తలకిందులుగా వేలాడుతూ చూసుంటాడు. ఆయనకి పూసిన తామర కూడా ముడుచుకున్నట్టే కనిపిస్తుంది."

"సరే, పోయినవాళ్ళని వదిలేయండి," అన్నాడు కొమ్మయ్య. "వాళ్ళు ఎప్పటికీ తప్పు వాయించరు. బతికున్నవాళ్ళలో ఎవరో తేల్చండి."

ఇంకేముంది, విస్తళ్ళ ముందే అడవి రెండుగా చీలింది. ఉడతలన్నీ ఎర్రప్ప వైపు. "వేగమంటే ఆయనదే. మేం చెట్టెక్కి దిగేలోపు రాగం చుట్టేసి వస్తాడు!" తాబేళ్ళన్నీ ధవళయ్య వైపు. "నిదానం లేనిది సంగీతమే కాదు, పరుగు."

"వేగం చేతకానివాళ్ళు దానికి పెట్టుకున్న ముద్దుపేరే నిదానం," అన్నాడు ఎర్రప్ప, ఎవరి వైపూ చూడనట్టు.

ధవళయ్య ఒంటికాలి మీద నిలబడే అన్నాడు: "పుట్టినప్పటి నుంచీ పొద్దున్నే కేకలు పెట్టే గొంతుకి, పాటకీ అరుపుకీ తేడా తెలియమంటే ఎలా తెలుస్తుంది పాపం."

"ఇంక చాల్లెండి, ఇద్దరూ తినండి," అంది చుక్కమ్మ.

"నువ్వుండవే. ఇది ఊదేవాళ్ళ మధ్య మాట," అన్నాడు ఎర్రప్ప.

"మరి నేనిన్నేళ్ళూ చేసిందేమిటన్నా? చలికి బుగ్గలు ఉబ్బాయనుకున్నావా?"

ఎవరూ వినలేదు. అప్పటికే తాబేళ్ళు ఉడతల మీదికి వెళ్ళడానికి బయల్దేరాయి. చేరేసరికి ఎంతసేపవుతుందో వాటికే తెలియదు.

అదిగో అప్పుడు పొదచాటు నుంచి నక్క శాంతమూర్తి చేతులు కట్టుకుని వచ్చాడు.

"అయ్యో, కళాకారుల మధ్య కలహమా? నా మనసు విరిగిపోతోంది. రేపు పొద్దెక్కాక పోటీ పెట్టుకోండి. తీర్పు నేను చెబుతాను. నాకు పాట రాదు, అందుకని నాకు పక్షపాతమూ లేదు."

"నీకేమివ్వాలి?" అంది మంగాయమ్మ అనుమానంగా.

"ఏమీ వద్దక్కా. గెలిచినవాడి పీక ఒక్కటి నాకిస్తే చాలు. జ్ఞాపకంగా ఉంచుకుంటాను."

ఎంత చిన్న కోరిక అనుకున్నారందరూ. పుంజూ కొంగా మడుగు నీళ్ళు ముట్టుకుని మాటిచ్చారు. కోనమడుగులో నీళ్ళు ముట్టి ఇచ్చిన మాట తప్పితే, ఆ నీళ్ళు మళ్ళీ తాగే హక్కుండదు.

చుక్కమ్మ మాత్రం ఒకటి గమనించింది. 'పీక' అన్నప్పుడు శాంతమూర్తి గుటక వేశాడు. చూపు సన్నాయి మూతి మీద లేదు. ఎర్రప్ప మెడ మీద ఉంది.

ఆమె గబగబా ఎర్రప్ప దగ్గరికి నడిచింది.

"అన్నా, వాడడిగింది రెల్లు పీక కాదు. నీ పీకే."

ఎర్రప్ప మెడ ఈకలు నిక్కబొడుచుకున్నాయి. ఒక్క క్షణం భయపడ్డాడు కూడా. కానీ ధవళయ్య అటే చూస్తున్నాడు. "నేను గెలుస్తానని నీకూ తెలిసిపోయిందన్నమాట," అన్నాడు ఎర్రప్ప గట్టిగా. "అందుకేగా ఈ కుళ్ళు? ఒక్క స్వరం ఊదేదానివి, నీకేం తెలుస్తుందే మా సంగతి?"

చుక్కమ్మ ఆ మాట మింగింది. ధవళయ్య దగ్గరికి వెళ్ళింది.

"మామా, నువ్వైనా తప్పుకో. పోటీ లేకపోతే గెలిచినవాడూ ఉండడు."

"తప్పుకుంటే ఓడినట్టేగా తల్లీ."

"ఓడితే మెడ మిగులుతుంది."

"పొడుగు మెడే," అన్నాడు ధవళయ్య విచారంగా, "కానీ వంగడం అలవాటు లేదు."

చుక్కమ్మ మడుగు ఒడ్డున రెల్లులో కూలబడింది. ఇద్దరి మీదా ఒళ్ళు మండిపోతోంది. ఇద్దరినీ వదులుకోనూ లేకపోతోంది. కిందటి వానల్లో మడుగు గట్టు తెగి, ఆమె పొదుగుతున్న మూడు గుడ్లూ కొట్టుకుపోయాయి. అందరూ వచ్చి 'ఊరుకో, ఊరుకో' అని చెప్పి వెళ్ళారు. ఈ ఇద్దరూ ఏమీ చెప్పలేదు. ఆమెకి అటొకరు, ఇటొకరు కూర్చుని ముఖారి రాగం ఊదారు. ఒత్తు పట్టే ఓపిక ఆమెకి లేదని, ఒకరు రాగం ఊదుతుంటే ఒకరు ఒత్తు పట్టారు. మూడో రోజు ఆమె లేచి నాలుగు నాచు పోగులు నోట్లో వేసుకునేదాకా ఆపలేదు. ఆ మూడు రోజుల్లో వాళ్ళలో ఎవరు గొప్పగా ఊదారని అడిగితే ఆమె ఏం చెబుతుంది? ఆ ఇద్దరి మధ్య ఉన్న జానెడు చోటే ఇప్పుడామెకి ఇల్లు. రేపటితో అది పోతుంది.

మర్నాడు పొద్దెక్కింది. అడవంతా మడుగు ఒడ్డున చేరింది. శాంతమూర్తి రాయి మీద కూర్చుని మీసాలు దువ్వుకుంటున్నాడు.

ముందు ఎర్రప్ప. చుక్కమ్మ ఒత్తు అందుకుంది. తను ఇప్పుడు శ్రుతి తప్పిస్తే ఎర్రప్ప ఓడిపోతాడు, బతుకుతాడు. అప్పుడు ధవళయ్య గెలుస్తాడు. ధవళయ్యకి తప్పిస్తే ఎర్రప్ప పోతాడు. ఎటు ఆగినా ఒక మెడ. అందుకని ఆమె ఆగలేదు. తన జన్మలో అంత నిండుగా ఎప్పుడూ ఊదలేదు. ఊదుతూ, పీక నాలుకకి తగులుతుంటే, ఆలోచిస్తూనే ఉంది.

ఎర్రప్ప మోహన రాగంలో స్వరాలు వెదజల్లాడు. ఉడతలు పిచ్చెక్కినట్టు గెంతాయి. తర్వాత ధవళయ్య అదే మోహన అందుకుని ఒక్క స్వరాన్ని పట్టుకుని, నీళ్ళ మీద ఎండ జరిగినట్టు మెల్లగా జరిపాడు. మంగాయమ్మ మొదటిసారి నెమరు ఆపింది.

శాంతమూర్తి ఇద్దరినీ పైనుంచి కిందికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ధవళయ్య గానం బాగుంది. కానీ సన్నం. ఎముక ఎక్కువ," అన్నాడు. "ఎర్రప్ప గానంలో కండ ఉంది. గెలుపు ఎర్రప్పదే!"

ఉడతలు కేకలు పెట్టాయి. ఎర్రప్ప రెక్కలు కొట్టుకుని, సన్నాయి నుంచి పీక తీసి ముందుకొచ్చాడు. శాంతమూర్తి దాని వంకైనా చూడలేదు. పంజా తీసి ఎర్రప్ప మెడ మీద వేశాడు.

"ఆ గడ్డిముక్క నాకెందుకు నాయనా? పీక అంటే పీకే."

మంగాయమ్మ కొమ్ములు వంచి, మళ్ళీ ఎత్తేసింది. నీళ్ళు ముట్టి ఇచ్చిన మాట కదా. ఎర్రప్ప కళ్ళు చుక్కమ్మని వెతికాయి. ధవళయ్య అప్పటికే ముందుకు దూకాడు. "నా పీక తీసుకో. పాట నాదే బాగుంది. నువ్వు తీర్పు తప్పు చెప్పావు!"

"వరసలో రా మామా," అన్నాడు శాంతమూర్తి.

"ఉండండి," అంది చుక్కమ్మ.

ఒత్తు పట్టేవాళ్ళకి సభలో మాట్లాడే అలవాటు ఉండదు.

"శాంతమూర్తి గారు సరిగ్గానే అడిగారు. గెలిచినవాడి పీక ఆయనదే. ఎవరూ అడ్డం పడకండి."

"చుక్కమ్మా!" అన్నాడు ఎర్రప్ప.

"నువ్వుండన్నా. ఇది ఊదేవాళ్ళ మధ్య మాట." ఆమె నక్క వైపు తిరిగింది. "కానీ అయ్యా, మేళంలో పీక అందుకోవడానికి ఒక మర్యాద ఉంది. పంజాతో లాక్కుంటే మేం ఇచ్చినట్టు కాదు. మీరు న్యాయం చెప్పిన పెద్దలు. మీరే మర్యాద తప్పితే ఎట్లా?"

శాంతమూర్తికి పెద్దరికం మీద మోజెక్కువ. "తప్పుతానా? ఏం చెయ్యాలో చెప్పమ్మా."

"ఏం లేదండి. కళ్ళు మూసుకుని గురువుని తలుచుకుని నోరు బాగా తెరవండి. నోట్లోకే అందిస్తాం."

నోట్లోకే! మెడ తనంతట తను నడిచి నోట్లోకి వస్తుందంటే ఏ నక్క కాదంటుంది? "ఎంత సంస్కారం, ఎంత సంస్కారం," అంటూ శాంతమూర్తి పంజా తీసేశాడు. కళ్ళు మూసుకున్నాడు. గురువెవరూ లేరు గనక కోడికూరని తలుచుకున్నాడు. నోరు చెవులదాకా తెరిచాడు.

చుక్కమ్మ ఎర్రప్ప చేతిలోని రెల్లు పీకని ముక్కున కరుచుకుంది. నడిచింది. నక్క పళ్ళు దగ్గరగా చూస్తే ఇంత పొడుగుంటాయని ఆమెకి తెలియదు. వాటి మధ్యకి తల పెట్టింది. ఇన్నేళ్ళు పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ తెగకుండా పట్టిన ఊపిరినంతా ఒక్కచోటికి తెచ్చి, ఊదింది.

పీక బాణంలా వెళ్ళి శాంతమూర్తి గొంతులో అడ్డంగా కూర్చుంది.

ఆమె తల బయటికి తీసుకుని, వెనక్కి నాలుగడుగులు వేసి, అప్పుడు చెప్పింది. "గెలిచినవాడి పీక, చెప్పినట్టే ఇచ్చాం. మాట నిలబడింది."

"పీ!" అన్నాడు శాంతమూర్తి.

"ఏమంటున్నారండీ?"

"పీ! పీ పీ!"

"పీకే కదా అడిగారు, వచ్చిందిగా," అన్నాడు కొమ్మయ్య, పొట్ట పట్టుకుని కిందపడి దొర్లుతూ. మంగాయమ్మ ఈసారి వంచిన కొమ్ములు మళ్ళీ ఎత్తలేదు. శాంతమూర్తి పీ పీమంటూ పొదల్లో పడి పరిగెత్తాడు. ఊపిరి తీసినా పీ, వదిలినా పీ. ఆనాటి నుంచి అతనెంత నక్కి నక్కి నడిచినా, అతనికన్నా ముందు ఆ చప్పుడు వస్తుంది. కోడిపిల్లలు కూడా తీరిగ్గా లేచి ఒళ్ళు విరుచుకుని చెట్టెక్కుతాయి.

"అయితే తేలిపోయింది!" అరిచాడు కొమ్మయ్య. "అందరిలోకీ గొప్ప చుక్కమ్మే!"

"ఇంకొక్కసారి ఆ మాటన్నావంటే," అంది చుక్కమ్మ, "నీకూ ఒక పీక నానబెడతాను."

అక్కడే కూర్చుండిపోయింది. ఎర్రప్ప పక్కకొచ్చి నిలబడ్డాడు. చాలాసేపు నేల గీకాడు.

"ఒక్క స్వరం ఊదేదానివన్నాను."

"అన్నావు."

"తప్పు."

"తప్పే," అంది చుక్కమ్మ. కాదని సర్దలేదు.

ధవళయ్య వచ్చి రెండోవైపు కూర్చున్నాడు. "ఎర్రప్పా," అన్నాడు నీళ్ళలోకి చూస్తూ, "ఆ చివరి స్వరాలు... నాకు రావు."

"నీ ఊపిరి నాకు లేదు," అన్నాడు ఎర్రప్ప. "ఇందాక 'నా పీక తీసుకో' అని అడ్డం పడ్డావే, అది నీకెందుకయ్యా?"

"ఏమో. నోటికొచ్చింది."

ఆ సాయంత్రమే ముంగిస కొత్త బొరియలో పాలు పొంగించింది. మేళం కూర్చుంది. చుక్కమ్మ ఒత్తు అందుకుంది. స్వరం నిండుగా నిలబడింది. అయినా పాట మొదలవలేదు.

"నువ్వు ముందు," అన్నాడు ఎర్రప్ప.

"అబ్బే, నువ్వే ఎత్తుకో," అన్నాడు ధవళయ్య.

"పెద్దవాడివి నువ్వుండగా నేనెట్లా?"

"గెలిచినవాడివి నువ్వుండగా నేనెట్లా?"

పాలు పొంగి, పొయ్యి ఆరి, ముంగిస బిక్కమొహం వేసింది. చుక్కమ్మ బుగ్గలు ఎర్రబడ్డాయి. నోట్లో సన్నాయి ఉండటం వల్ల తిట్టడానికి వీల్లేదు. అందుకని వెడల్పాటి పాదంతో కుడివైపు ఒక్క తన్ను, ఎడమవైపు ఒక్క తన్ను తన్నింది.

ఇద్దరూ ఉలిక్కిపడి ఒకేసారి ఊదారు. ఆమె ఆ ఇద్దరి మధ్యా కళ్ళు మూసుకుని, తన స్వరాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

నీతి: ఎవరు గొప్పో తేల్చమని ఒకరిని కూర్చోబెట్టే ముందు, వాడికి ఆకలిగా ఉందేమో కనుక్కోవాలి.