నాంచారమ్మ తప్పుల చాటింపు

ఎర్రవాగుకు ఇవతల గడ్డిపాడని ఒక ఊరు. మనుషులు లేరు, ఊరంతా జంతువులే. వాగుకు అవతల శనివారం శనివారం సంత జరుగుతుంది. రెండింటికీ మధ్య వంతెన లేదు. నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు నడిచి దాటడానికి రాళ్లు పరిచిన చప్టా ఒకటుంది. ఎండాకాలంలో దాని మీద దుమ్ము లేస్తుంది. వానాకాలంలో దాని మీద నుంచి వాగే పోతుంది.

ఆ ఊళ్లో చాటింపు వేసే పని గిన్నికోడి నాంచారమ్మది. ఆమె గొంతు నూనె చూడని బావిగిలక. మొదటిసారి విన్నవాళ్లు ఎవరినో కొడుతున్నారనుకుంటారు. మృగశిర కార్తె వస్తుందనగా ఆమె రోజూ పొద్దున్నే ఊరి చావడి కప్పెక్కి మొదలుపెట్టేది.

“వినండహో! ఊరోళ్లందరూ వినండి! బర్రె లచ్చుమమ్మ ఈనింది, పెయ్యదూడ, తల్లీపిల్లా కులాసా. శనివారం సంత ఎప్పట్లానే. ఇక వానాకాలం జాగర్తలు! ఉరిమితే తాటిచెట్టు కిందికి పోబాకండి. కట్టెల్లో మూతి పెట్టేముందు కదిలించి చూడండి, పాములుంటయ్. కుడితితొట్లో నీళ్లు నిలవుంచబాకండి, దోమలు చేరతయ్. అన్నిటికన్నా ముఖ్యం, ఎర్రనీళ్లు కనబడితే చప్టా మీద అడుగు పెట్టబాకండి. మనూళ్లో చినుకు లేకపోయినా...”

“కొండ మీద పడిందంటే వాగు వచ్చిద్ది!” అని పొట్టేలు పోలయ్య దొడ్లోంచే పూర్తిచేశాడు. వెనక గొర్రెలన్నీ కిలకిలా నవ్వాయి.

“నవ్వు సరే పోలయ్యా, గుర్తుంటదా?”

“గుర్తుండకేంది నాంచారత్తా? మా అమ్మ కడుపులో ఉన్నప్పటి నుంచి ఇదే వింటన్నాను. ఇంకేదన్నా కొత్తది చెప్పరాదా?”

నాంచారమ్మకు ఒళ్లు మండింది. కిందటి వానాకాలం మేకపోతు సాంబయ్య కూడా ఇలాగే వెంట వెంట వల్లించి, సరిగ్గా వారం తిరక్కుండా చప్టా మీద నుంచి కొట్టుకుపోయాడు. అతనికీ అంతా నోటికి వచ్చు. వచ్చిన ముక్క నోటి దగ్గరే ఆగిపోయింది, కాళ్ల దాకా దిగలేదు. ఈ ఏడు ఒక్కరు కూడా పోకూడదని ఆమె పంతం పట్టింది. అందుకే ఒకసారి చెప్పేది రెండుసార్లు చెప్పింది. ఊరు రెండింతలు విసుక్కుంది.

ఆ విసుగు నక్క శేషాచలం చెవిన పడింది. వాగు ఒంపు తిరిగే చోట తుమ్మపొదల్లో ఆయన కాపురం. చూడ్డానికి మర్యాదస్తుడు, మాట వెన్నపూస. వాగులో పోయిన వాళ్లెవరైనా చివరికి ఆ ఒంపులోనే ఒడ్డుకు చేరతారు. వేటాడక్కర్లేదు, పరుగెత్తక్కర్లేదు, వాకిట్లోకి వస్తుంది భోజనం. సాంబయ్య చేరిందీ అక్కడికే. ఆ మర్నాడు శేషాచలం మూతి శుభ్రంగా తుడుచుకుని వచ్చి, సాంబయ్య పెళ్లాం చుక్కమ్మను పరామర్శించి, ఆమె కంటే ఎక్కువ ఏడ్చి వెళ్లాడు.

ఇప్పుడాయన చావడి దగ్గరికి వచ్చి అందరికీ దణ్ణం పెట్టాడు.

“పెద్దలారా, నాకు తోచింది చెబుతాను, తప్పయితే మన్నించండి. పొద్దున లేచీ లేవగానే పాములూ పిడుగులూ వరదలూ అంటుంటే ఇంటికి శుభమా? చంటిపిల్లలున్న ఊరు. పాపం నాంచారమ్మగారు కూడా అలిసిపోయారు. ఈ ఏటికి ఆ శ్రమేదో నేను పడతాను. నాకేం ఇవ్వక్కర్లేదు.”

“ఏం చెప్తావయ్యా నువ్వు?” అంది నాంచారమ్మ.

“మంచి మాటలు తల్లీ. చెడ్డమాట అనకపోతే చెడు రాదు గదా.”

“చప్టా సంగతి చెప్తావా, చెప్పవా?”

“అందరికీ తెలిసిందే పదే పదే చెప్పి మనసులు ఎందుకు కష్టపెట్టాలమ్మా?”

“ఆయన చెప్పింది సబబుగానే ఉంది” అన్నాడు పోలయ్య. పోలయ్య తల ఊపాడు గనక గొర్రెలన్నీ ఊపాయి. గొర్రెలు ఊపాయి గనక కోళ్లూ బాతులూ ఊపాయి. ముసలి ఎద్దు అంకయ్య ఒక్కడే నెమరు ఆపి, “నాంచారమ్మ కూడా చెప్పుకుంటే పోయిందేముంది?” అన్నాడు. ఎద్దు మాట ముగిసేసరికి సభ లేచిపోయింది.

మర్నాటి నుంచి శేషాచలం చాటింపు. “ప్రియమైన గడ్డిపాడు వాసులారా! చల్లని వానలు వస్తున్నాయి. పచ్చిక లేస్తుంది. మీ అందరి ముఖాలూ ఇలాగే కళకళలాడాలి!” వినడానికి హాయిగా ఉండేది. ఊరు వాకిళ్లలోకి వచ్చి మరీ విని, భలే చెప్పాడని మెచ్చుకుని పోయేది.

నాంచారమ్మ మానలేదు. కప్పు పోతే పోయిందని కంచె ఎక్కింది. ఒక్కరూ తలెత్తి చూడలేదు. ఒకరోజు ఆ బాధలో మాట తడబడి, “ఆదివారం సంత ఉంది” అనేసింది. అంతే! ఎక్కడెక్కడి వాళ్లో ఊడిపడ్డారు.

“ఆదివారమేంది, శనివారం గదా!” అంది బాతు.

“చాటింపు వేసేదానివి, ఆ మాత్రం తెలవదా?” అంది కోడిపెట్ట.

పోలయ్య దొడ్డి తడిక తోసుకుని మరీ వచ్చి, శనివారం సంత ఎప్పుడు మొదలైందో, ఎవరి తాత హయాంలో మొదలైందో మొత్తం వివరించి వెళ్లాడు. ఇంతకాలం ఇంత సరిగ్గా చెప్తే ఒక్కడు రాలేదు, ఒక్క తప్పుకు ఊరంతా వచ్చిందే అని నాంచారమ్మకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత నవ్వొచ్చింది.

శనివారం వచ్చింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. గడ్డిపాడులో చినుకు లేదు. కానీ పైన కొండల మీద తెల్లవార్లూ ఉరిమిన సంగతి నాంచారమ్మ విన్నది. పొద్దెక్కకముందే వాగు దగ్గరికి పరుగెత్తింది. చప్టా మీద నీళ్లు పారుతున్నాయి, పలచగానే. కానీ ఎర్రగా ఉన్నాయి. చూస్తుండగానే ఒక పుల్ల వచ్చింది, ఆ వెనక వేళ్లతో సహా ఒక పొద వచ్చింది.

అప్పటికే గొర్రెల మంద సంతకు బయల్దేరింది. ముందు పోలయ్య, వెనక పెద్దలు, వాళ్ల కాళ్ల మధ్య పిల్లలు. మందకు అటూ ఇటూ మేకలూ బాతులూ. అంకయ్య అందరి వెనక మెల్లగా వస్తున్నాడు. చప్టా పక్కన బండ మీద శేషాచలం నిలబడి, పెళ్లివారిని పిలిచినట్టు చెయ్యి ఊపుతున్నాడు.

“రండి రండి! మడమ తడవదు. ఎండకు కాళ్లకు చల్లగా ఉంటుంది. ఆలస్యమైతే సంతలో మంచి తవుడు అయిపోతుంది!”

నాంచారమ్మ దారికి అడ్డం పడింది. “పోలయ్యా, ఆగయ్యా! ఎర్రనీళ్లు! చూడు!”

“తెలుసులే అత్తా.”

“తెలిస్తే ఎందుకు దిగతన్నావు? ఎర్రనీళ్లు కనబడితే...”

“చప్టా మీద అడుగు పెట్టకూడదు, కొండ మీద పడిందంటే వాగు వచ్చిద్ది. తెలుసు తెలుసు, పక్కకు జరుగు” అని నడుస్తూనే అన్నాడు పోలయ్య. వెనక మంద కూడా “తెలుసు తెలుసు” అంటూ నడుస్తూనే ఉంది. తల్లి వెనక నిన్నగాక మొన్న నడక నేర్చిన ఒక గొర్రెపిల్ల కూడా “తెలుసు” అంది.

ఆ పిల్ల మాట విని నాంచారమ్మ వాగు వైపు చూసింది. ఇంకో పది అడుగులు వేస్తే మందంతా వాగులో ఉంటుంది. అరిచి లాభం లేదు, అరుస్తూనే ఉంది. ముక్కుతో పొడిచి ఆపడానికి పొట్టేలు ముందు తానెంత? ఆమె గబగబా చప్టా మొదట్లో ఉన్న గుర్తురాయి ఎక్కింది. రెక్కలు బారజాపి, పుట్టిన తర్వాత ఎన్నడూ అరవనంత గట్టిగా అరిచింది.

“వినండహో! వానాకాలం జాగర్తలు! ఉరిమితే అందరూ తాటిచెట్టు కిందికి పోయి నిలబడండి!”

పోలయ్య గిట్ట నీళ్లలో పెట్టబోతూ ఆగాడు. “ఏందేందీ?”

పోలయ్య ఆగాడు గనక వెనక గొర్రె ఆగింది. దాని వెనకది ఆగింది. మందంతా ఒకదాని వీపు మీద ఒకటి పడి ఆగింది.

“తాటిచెట్టు కిందికి పోతారా ఎవరన్నా? పిడుగు పడేదే దాని మీద!” అన్నాడు పోలయ్య.

“కుడితితొట్లో నీళ్లు నెల దాకా మార్చబాకండి!” అంది నాంచారమ్మ.

“అయ్యో, దీనికి మతి పోయింది!” అని బాతులు ముందుకొచ్చాయి. “నీళ్లు నిలవుంటే దోమలు రావటే?”

“కట్టెల్లో మూతి తిన్నగా లోపలికి పెట్టండి!”

“పాములుంటయ్ పాములు!” అని మందలోంచి పది గొంతులు. ఎవరికి వాళ్లు ముందుకు తోసుకొచ్చారు, నాంచారమ్మ తప్పు దిద్దే పుణ్యం తమకే దక్కాలని. సంత సంగతి ఒక్కరికీ గుర్తులేదు.

బండ మీద శేషాచలానికి ఓపిక తగ్గింది. “పిచ్చిదాని మాటలు పట్టించుకుంటారేంటండీ? నడవండి, నడవండి.”

నాంచారమ్మ ఆయన వైపు చూడనేలేదు. అసలుది ఇంకా మిగిలే ఉంది. “అన్నిటికన్నా ముఖ్యం! ఎర్రనీళ్లు పారతంటే చప్టా మీద ధీమాగా నడవండి! ఎవరికీ ఏమీ కాదు!”

అందరూ ఒక్కసారే నోరు తెరిచారు. వాళ్లందరికంటే ముందు మేక చుక్కమ్మ గొంతు లేచింది. ఏడాది నుంచి ఆమె గట్టిగా మాట్లాడింది లేదు.

“ఏమీ కాదా? అయితే నా మొగుడు యాడున్నాడే? ఎర్రనీళ్లలో దిగే గదా పోయింది! ఎట్టా అంటన్నావే ఆ మాట?”

నాంచారమ్మ అయినా వదల్లేదు. “నాకు గుర్తుండటంలా చుక్కమ్మా. పోలయ్యకు అంతా నోటికి వచ్చు. సరైంది ఏందో నువ్వే చెప్పు పోలయ్యా, అందరికీ వినబడేట్టు చెప్పు.”

అడిగితే చాలు, పోలయ్య ఛాతీ విరుచుకున్నాడు. “వినండి! ఎర్రనీళ్లు కనబడితే చప్టా మీద అడుగు పెట్టకూడదు. మనూళ్లో చినుకు లేకపోయినా కొండ మీద పడిందంటే వాగు వచ్చిద్ది. మడమ లోతే కదాని దిగితే, కింద రాళ్లు ఉన్నయ్యో లేచిపోయినయ్యో...”

చివరి మాట సగంలో ఆగింది. ఆయన కిందికి చూసుకున్నాడు. ఇందాక గిట్ట ముందు పారుతున్న నీళ్లు ఇప్పుడు గిట్ట మీదుగా పారుతున్నాయి. ఎర్రగా ఉన్నాయి. పోలయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకో అడుగు వేశాడు. వెనకున్న మందంతా గట్టు దాకా వెనక్కి జరిగింది.

“ఆగారేం?” అన్నాడు శేషాచలం. మాటలో వెన్న కొంచెం తగ్గింది. “మడమ తడవదని చెప్తున్నాను గదా!”

“తడవదంటే తడవదు గానీ శేషాచలం గారూ, తమరు ముందు నడవండి” అన్నాడు పోలయ్య.

“నేనా? నాకు సంతలో పనేం లేదే.”

“పనుండక్కర్లా. ఒక్క నాలుగడుగులు వేసి రండి.”

“నాకు రాత్రి నుంచి కాస్త జలుబుగా ఉంది...”

“మడమ తడవదన్నారు గదా, జలుబుకు ఏమైద్ది?” అని అంకయ్య వెనక నుంచి వచ్చి పక్కన నిలబడ్డాడు. ఎద్దు పొడవలేదు, తోయలేదు. ఊరికే నిలబడ్డాడు. ఊరంతా చూస్తోంది.

శేషాచలం ఆలోచించాడు. అంచున రెండడుగులు వేసి తిరిగొస్తే పరువు దక్కుతుంది, మంద కూడా దిగుతుంది. నవ్వు ముఖం పెట్టి దిగాడు. ఒకడుగు బాగానే పడింది. రెండో అడుగు కింద రాయి లేదు. కొత్తనీరు దాన్ని అప్పటికే పెకలించుకు పోయింది. ఆయన నడుం దాకా జారి, పక్కరాయిని ముందుకాళ్లతో వాటేసుకున్నాడు. నీళ్లు తోకను పట్టి గుంజుతున్నాయి.

“చచ్చాన్రోయ్! పట్టుకోండ్రోయ్!” ఆ అరుపు ముందు నాంచారమ్మ గొంతు జోలపాట.

ఇద్దరు ముగ్గురు గబాల్న దిగబోయారు. “ఎవరూ దిగొద్దు!” అని నాంచారమ్మ రాయి మీద నుంచే గద్దించింది. “అంకయ్య మావా, నీ మెడపలుపు విసురు!”

“వీణ్ణా లాగేది?” అంది చుక్కమ్మ. కళ్లింకా తడిగానే ఉన్నాయి. “మనల్ని దిగమంది వీడే గదా! పోనీ!”

“నా జాగర్తలు మంచోళ్లకొకటి, చెడ్డోళ్లకొకటి లేవు చుక్కమ్మా. వాగు ఎవర్నీ తీసుకుపోగూడదనే నేను అరిచేది.”

పలుపు విసిరారు. నక్క శేషాచలం దాన్ని పళ్లతో కరుచుకున్నాడు. అంకయ్య వెనక్కి నడిచాడు, ఆయన బురదముద్దలా గట్టున పడ్డాడు. పడీ పడగానే పాకుతూ పొదల వైపు తిరిగాడు. పోలయ్య కొమ్ములు వంచి అడ్డం నిలబడ్డాడు.

“చాటింపు తమరిదే గదా. ఈ రోజు జాగర్త చెప్పకుండానే పోతన్నారేంది?”

శేషాచలం చుట్టూ చూశాడు. తప్పుకోవడానికి సందు లేదు. పళ్లు టకటకా కొట్టుకుంటుండగా, బండ మీద నిలబడే ధైర్యం లేక కిందే కూర్చుని, సన్నగా అన్నాడు. “ఎర్రనీళ్లు కనబడితే... చప్టా మీద... అడుగు పెట్టకండి.”

“వినబడలా!” అంది ఊరు.

ఆయన ఇంకా గట్టిగా అన్నాడు. ఊరు వినబడలేదంటూనే ఉంది, ఆయన అంటూనే ఉన్నాడు, గొంతు పూర్తిగా బొంగురు పోయేదాకా. తుమ్మపొదల్లో ఆ పూట పొయ్యి వెలగలేదు.

అందుకే, పిల్లలూ పెద్దలూ, చెవికి తియ్యగా ఉన్న కబురును ఒకసారి అనుమానించండి, విసుగు పుట్టించే జాగ్రత్తను ఇంకోసారి వినండి.