ఆశ్రమానికి మిక్సీ వచ్చిన రోజు

సింహాద్రికి గురువుగారంటే వల్లమాలిన భక్తి. చిదంబర స్వామి ఏం చేస్తే తనూ అదే చేసేవాడు. ఆయన వేపపుల్లతో పళ్ళు తోముకుంటారని ఇతనూ పేస్టు మానేశాడు. ఆయన సున్నిపిండితో స్నానం చేస్తారని సబ్బుకీ దణ్ణం పెట్టేశాడు. చిగుళ్ళు వాచి బుగ్గ బూరెలా పొంగినా వేపపుల్ల మాత్రం వదల్లేదు, మహానుభావుడు!

ఆశ్రమంలో వంటింటి పెత్తనం అతనిదే. పచ్చడి రోట్లోనే నూరాలన్నాడు. నూరుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు, నవ్వకూడదు. కూరలు తరిగే అప్పలనరసమ్మ కాస్త గొంతెత్తినా గుడ్లురిమి చూసేవాడు. ఒకప్పుడు కబుర్లతో సందడిగా ఉండే ఆ వంటింట్లోకి, పాపం, ఇప్పుడు తొంగి చూసేవాళ్ళే లేరు.

అలాంటి చోటికి ఒకనాడు భక్తులెవరో మిక్సీ తెచ్చి ఇచ్చి వెళ్ళారు. సింహాద్రికి ఒళ్ళు మండిపోయింది. బట్టలు మూటగట్టుకుని వెళ్ళి గురువుగారి ఎదుట నిలబడ్డాడు.

“స్వామీ, ఇక్కడ ఆ మిక్సీ అన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. మీ నియమాలకి భంగం కలిగితే నేను చూడలేను.”

“నాకేం నియమాలున్నాయిరా?” అన్నాడు స్వామి, ఆశ్చర్యంగా.

“అదేంటి స్వామీ! మీరు పేస్టు ముట్టరు కదా?”

“దాని ఘాటుకి నాకు తుమ్ములొస్తాయి నాయనా.”

సింహాద్రి మూట చంక మార్చుకుని, “మరి రోటి పచ్చడి తప్ప తినరుగా?” అన్నాడు.

“మిక్సీ ఇవాళేగా వచ్చింది!” అంటూ స్వామి చివాలున లేచాడు. “ఎక్కడుంది? పద, పద, చూద్దాం.”

వంటింట్లో అప్పలనరసమ్మ గోంగూర, మిరపకాయలు వేయించి చల్లార్చింది. స్వామి వాటిని తన చేత్తోనే మిక్సీ గిన్నెలో వేశాడు.

“తిప్పాల్సింది ఇదేనా అమ్మా?”

“అదే సాములోరూ, గానీ మూత...”

ఆవిడ మాట పూర్తయ్యేలోపే తిప్పేశాడు.

మిక్సీ గుయ్యిమంది. గోంగూర ఎగిరి గోడల నిండా, గట్టు నిండా పడింది. స్వామి తెల్లటి గడ్డం పచ్చబడింది. సింహాద్రి నుదుటి మీద పడ్డ ముద్ద మెల్లగా జారి ముక్కు చివర ఆగింది.

స్వామి గబుక్కున మిక్సీ ఆపాడు. గడ్డం మీది పచ్చడి వేలితో తీసి నాలుక్కి రాసుకుని, తీరిగ్గా చప్పరించాడు. “ఉప్పు చాల్లేదు” అన్నాడు.

అప్పలనరసమ్మ నోట్లో కొంగు కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. సింహాద్రి ఎప్పటిలాగే ఆవిడకేసి ఉరిమి చూడబోయాడు. అంతలో ముక్కు మీది ముద్ద టప్పున పాదం మీద పడింది. అతనికీ నవ్వొచ్చేసింది. ఆపుకోబోతే మరీ ఎక్కువైంది. చివరికి పొట్ట పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. ఎంత హాయిగా ఉందో అతనికి! ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తే రాలేదు. చప్పుడు విని ఆశ్రమంలో వాళ్ళంతా గుమ్మంలో మూగారు.

స్వామి గిన్నెలో మిగిలిన పచ్చడిలో ఉప్పు వేసి, పక్కనున్న మూత తీసి సింహాద్రికి అందించాడు.

“ఇది పట్టుకోడానికి ఒక మనిషి కావాలిరా. ఉంటావా, వెళ్తావా?”

సింహాద్రి లేచి, గిన్నె మీద మూత పెట్టి, రెండు చేతులతో గట్టిగా అదిమిపట్టాడు.

“తిప్పండి స్వామీ!”