రెండు జానల వాకిలి

గుట్ట కింద ఒక పాత సున్నపుబట్టీ ఉండేది. సున్నం కాల్చే కుటుంబం ఆ పని మానేసి ఎప్పుడో వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ వయసు మళ్లిన మైలెద్దునీ, నడుం వంగిన గాడిదనీ, పాలు ఎండిన మేకనీ, ఎంత తరిమినా చేతికి చిక్కని చుక్కల పెట్టనీ అక్కడే వదిలేసింది. నాలుగూ కలిసి బతకడం నేర్చుకున్నాయి. ఎండాకాలం చివర పెట్ట ఎనిమిది పిల్లల్ని లేపింది. ఆ రోజు నుంచి దాని నడక మారిపోయింది.

గుట్ట మీదికి మొదటి మబ్బులు ఎక్కగానే అందరికీ ఇల్లు గుర్తొచ్చింది. బట్టీకి మూడు వైపులా రాతిగోడలు గట్టిగానే ఉన్నాయి. కప్పు లేదు, ఎదుటి గోడ లేదు. ఎద్దు దుంగలు ఈడ్చుకొచ్చింది. గాడిద రాళ్లూ తాటాకులూ మోసింది. మేక కట్లకు తీగలు కొరికి తెచ్చింది. పెట్ట కాస్త మట్టి గీకి ఇచ్చింది, పని జరిగినంతసేపూ సలహాలు ఇచ్చింది.

వాకిలి దగ్గరికొచ్చేసరికి పని ఆగిపోయింది. తన కొమ్ములు పట్టేంత ఎత్తు ఉండాలంది ఎద్దు. అంత వాకిలి పెడితే జల్లు నేరుగా లోపలికి కొట్టి పిల్లలు తడిసి చస్తాయంది పెట్ట. ఇద్దరి మాటా నిజమే. నిజం రెండు వైపులా ఉన్నప్పుడు కూర్చుని ఓపికగా మాట్లాడుకోవాలి. అవి ఆ పని చేయలేదు. మధ్యవర్తిని పిలిచాయి.

మధ్యవర్తి నక్క. మూడు రోజులుగా అది ఎదురుగా బండ మీద కూర్చుని పని చూస్తోంది. ఎందుకు చూస్తున్నావని ఒక్కరూ అడగలేదు. ఊళ్లో బడి కిటికీ కింద ఎండకు పడుకుని లెక్కలు నేర్చుకున్నదని దానికి పేరు. పిలవగానే వచ్చింది, ఎవరి పక్కకూ చేరకుండా సరిగ్గా మధ్యలో నిలబడింది. అది చూసి పెట్టకు దాని మీద గౌరవం కలిగింది.

"ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అనే మాటే లేకుండా సగటు తీద్దాం" అంది నక్క.

సగటు అంటే ఏమిటని అడిగింది గాడిద. తెలియనిది అడగడానికి సిగ్గుపడకపోవడం దానిలో ఒక మంచి గుణం.

"అందరి ఎత్తులూ ఒక కుప్ప పోస్తామన్నా. ఆ కుప్పని ఎన్ని తలలుంటే అన్ని సమాన వాటాలు వేస్తాం. ఒక్కో తలకు ఎంత వస్తే అంతే సగటు. ఇందులో ఎద్దు మామ గొప్పా లేదు, పెట్టమ్మ తక్కువా లేదు."

వినడానికి ధర్మంగానే ఉంది. అప్పుడు నక్క రెండు మాటలకు ఒప్పుకోమంది. ఒకటి, ఈ ఇంట్లో ఉండే ప్రతి తలనూ లెక్కలోకి తీసుకోవాలి. రెండు, తలలు పెరిగితే సగటు మళ్లీ తీయాలి. నాలుగూ ఒప్పుకుని నేలకు మూడుసార్లు కాలు తాటించాయి. బట్టీ దగ్గర అదే ఆచారం. కాలు తాటించిన మాటను ఎవరూ వెనక్కి తీసుకోరు.

సున్నంవాళ్లు వదిలిపోయిన కొలకర్ర తెచ్చారు. దాని మీద జానకొక గీత ఉంది. ఎద్దు కొమ్ముల కొనదాకా ఎనిమిది జానలు. గాడిద ఆరు. మేక నాలుగు. పెట్ట మెడ సాచి, తురాయి నిక్కించి రెండు అనిపించుకుంది. మొత్తం ఇరవై. నాలుగు తలలకు పంచితే అయిదు.

అయిదు జానలంటే గాడిద తల వంచుకుని దూరగలదు. ఎద్దు కూడా మెడ దించి, కొమ్ములు వాల్చి, కొంచెం తంటాలు పడి లోపలికి పోగలదు. మేకకు బాధే లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"తొందరపడకండి" అంది నక్క. "ఆ ఎనిమిది మంది సంగతేమిటి? వాళ్లవి తలలు కావా?"

పెట్ట గుండె ఉప్పొంగింది. పుట్టినప్పటి నుంచి దాన్ని ఎవరూ ఏ లెక్కలోకీ తీసుకోలేదు. ఇవాళ దాని ఒక్కో పిల్లా ఎద్దుతో సమానంగా ఒక్కో తల. పిల్లల్ని వరసగా నిలబెట్టి, కిందపడ్డ దాన్ని ముక్కుతో లేపి మరీ కొలిపించింది. ఒక్కొక్కటి అర జాన. ఎనిమిదీ కలిపితే నాలుగు జానలు.

"ఇరవైకి నాలుగు కలిస్తే ఇరవైనాలుగు" అంది నక్క. "తలలు నాలుగూ ఎనిమిదీ పన్నెండు. ఇరవైనాలుగును పన్నెండు వాటాలు వేస్తే ఒక్కో వాటా రెండు. రెండు జానల వాకిలి."

మేక రెండుసార్లు లెక్క వేసుకుని చూసింది. తప్పు దొరకలేదు. లెక్కలో తప్పు లేదు మరి.

"దుంగలు మోసింది నేను" అంది ఎద్దు నెమ్మదిగా.

"మోసినందుకు వాటా ఉండదు మామా, తలకే వాటా. కాలు తాటించారు కదా."

తాటించిన కాలు ఎద్దుదే. అది తల దించుకుని వెళ్లి గోడ కట్టడానికి రాళ్లు దొర్లించింది. సాయంత్రానికి రెండు జానల ఎత్తున దుంగ పడింది, దాని మీద గోడ లేచింది. మేక మోకాళ్ల మీద వంగి దూరబోతే కొమ్ములు ఇరుక్కున్నాయి. గాడిద దాని తోక పట్టి వెనక్కి లాగాల్సి వచ్చింది.

"పెట్టా, నీ పిల్లల తలలు చాలా బరువైనవే" అంది మేక, కొమ్ముల మట్టి దులుపుకుంటూ. "మా ముగ్గుర్నీ బయటికి తోసేశాయి."

పెట్ట విననట్టు లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం వాన మొదలైంది. ఎద్దూ గాడిదా మేకా తాము కట్టిన గోడకే బయట ఆనుకుని నిలబడి తడుస్తున్నాయి. లోపల పెట్ట పొడి నేల మీద రెక్కల కింద పిల్లల్ని దాచుకుని కూర్చుంది. పుట్టలోకి నీళ్లు వచ్చినట్టున్నాయి, చీమలు బారులు తీరి వచ్చి గోడ మూల కాపురం పెట్టాయి. పొమ్మనడానికి కూడా పెట్టకు మనసొప్పలేదు. ఇంత పెద్ద ఇంట్లో ఒంటరిగా ఉండటం దానికి కొత్త.

అప్పుడు నక్క వచ్చింది. తల వంచలేదు. చెవులు మడవలేదు. తన ఇంటికి వచ్చినట్టు నడిచి వచ్చింది. వాకిలి పక్కనే కొలకర్ర ఆనించి ఉంది. నక్క చెవుల కొన సరిగ్గా రెండో గీత దగ్గర ఆగడం పెట్ట చూసింది.

"వాకిలి నిన్ను నిలబెట్టి కొలిచినట్టే ఉంది బావా" అంది పెట్ట.

"సగటు అలాంటిదమ్మా. ఎవరో ఒకరికి సరిపోవాలి కదా."

అని పిల్లల్ని లెక్కపెట్టింది. ఎనిమిదీ ఉన్నాయని తృప్తిగా తల ఊపింది. బయట ఎద్దు దగ్గింది. గోడ ఇవతలికి ఆ దగ్గు చాలా దగ్గరగా వినిపించింది. నక్క వెంటనే వాకిలి వైపు తిరిగింది. వెళ్తూ, ఎల్లుండి మామా వాళ్లు ఏటి అవతలి గడ్డికి పోతారట కదా అని మామూలుగా అడిగింది. పోతారంది పెట్ట.

"మంచిది. పిల్లల్ని మాత్రం లోపలే ఉంచు. వానలో తడవనీయకు."

నక్క పోయాక పెట్ట చాలాసేపు ఆ వాకిలినే చూసింది. తనకు ఆ రోజు అంత తీపిగా తగిలిన లెక్క ఇప్పుడు అర్థమైంది. తన పిల్లల తలలు లెక్కలోకి తీసుకున్నది వాళ్లను గౌరవించడానికి కాదు, వాకిలిని నక్క ఎత్తుకు దించడానికి. ఎద్దు లోపల ఉంటే నక్క రాగలిగేది కాదు. ఎద్దును బయట పెట్టింది తన పొగరే.

తప్పు తెలుసుకోవడం ఒక పని, దాన్ని ఒప్పుకోవడం మరొక పని. రెండోది కష్టం. పెట్ట వానలోకి నడిచింది. ఈకలు ఒంటికి అంటుకుపోయి అరచేతిలో పట్టేంత అయిపోయింది. ఎద్దు ముందు నిలబడి, తప్పు నాది మామా అని మొత్తం చెప్పింది.

ఎద్దు నెమరు వేయడం ఆపింది. "నువ్వు లెక్కలోకి వచ్చావు, మేం వానలోకి వచ్చాం. ఇప్పుడేం చేద్దాం?"

గోడ కుమ్మేద్దామంది మేక. కాలు తాటించిన మాట తప్పకూడదంది ఎద్దు. అప్పుడు పెట్ట గుర్తు చేసింది, తాము తాటించింది ఒక మాటకు కాదు, రెండింటికి. రెండో మాట ఇంకా ఎవరూ వాడలేదు.

అనుకున్న రోజు మూడూ అందరికీ కనబడేలా ఏటివైపు నడిచాయి. గుట్ట మలుపు తిరిగి వెనక నుంచి వచ్చి గోడ పక్కన నక్కాయి. పిల్లలు గాడిద కడుపు కింద ఉన్నాయి. పెట్ట బట్టీ వెనకవైపు పిడికిలంత పొగకంత దగ్గర కూర్చుని, లోపలికి మూతి పెట్టి పిల్లల్ని పిలిచినట్టు కొక్కొక్కమంది.

నక్క మూతి నాక్కుంటూ లోపలికి దూరింది. చీకట్లో నాలుగు మూలలూ వెతికింది. తిరిగి చూసేసరికి వాకిలి నిండా ఎద్దు కాళ్లు.

"మంచి సమయానికి వచ్చావు బావా" అంది పెట్ట, ఎద్దు పక్కకు వచ్చి నిలబడి. "ఇంట్లో తలలు పెరిగాయి. సగటు మళ్లీ తీయాలి. నువ్వు లేకుండా ఎలా తీస్తాం?"

ఎవరు పెరిగారంది నక్క. నీ కాళ్ల మీదే పాకుతున్నారు చూడమంది మేక. వాన మొదలైన రోజు నుంచి ఇక్కడే ఉంటున్నారు, ప్రతి తలనూ లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది నువ్వే అంది. మొదటి బారులోనే ముప్పై ఆరు చీమలున్నాయని పెట్ట ముందే లెక్కపెట్టి ఉంచింది. కొలకర్ర పక్కన నిలబెడితే గీత దాకా కాదు కదా, కర్ర అంచు మందం కూడా రాలేదు. కుప్పలో కలపడానికి వాటి దగ్గర ఎత్తు లేదు. తలలు మాత్రం ఉన్నాయి.

ఈసారి లెక్క గాడిద చెప్పింది. రెండు రోజులుగా అదే వల్లె వేస్తోంది. "కుప్ప ఇరవైనాలుగే. తలలు పన్నెండూ ముప్పై ఆరూ నలభై ఎనిమిది. తలకు అర జాన."

ఎద్దు దుంగను కిందికి దించింది. గాడిద దాని మీదికి రాళ్లు దొర్లించింది. నేలకూ దుంగకూ మధ్య అర జాన సందు మిగిలింది. పెట్ట పిల్ల ఒకటి ఆ సందులోంచి లోపలికి తొంగి చూసి, నక్క ముక్కు కనబడగానే తల్లి దగ్గరికి పరుగెత్తింది. నక్క ముక్కు మాత్రమే బయటికి వచ్చింది.

"ఇది అన్యాయం మామా. చీమల్ని ఎవడైనా లెక్కలోకి తీసుకుంటాడా?"

"కోడిపిల్లల్ని తీసుకోలేదా?"

"వాకిలికి సగటు ఏమిటసలు" అంది నక్క, ఊపిరాడక. "అందులోంచి వెళ్లాల్సినవాళ్లలో అందరికంటే పొడుగువాడికి పట్టాలి. జల్లు కొడితే తాటాకు తడిక వేలాడదీసుకోవాలి. ఈపాటి తెలియదా మీకు?"

"తెలియకే కదా నిన్ను పిలిచాం" అంది ఎద్దు. "ఆ మాటకు కాలు తాటించు."

నక్క లోపల నుంచి మూడుసార్లు తాటించింది. అంతటితో వదల్లేదు. వాకిలి ఎనిమిది జానలు అయ్యేదాకా గోడ రాళ్లు లోపల నుంచి దానిచేతనే ఊడదీయించారు. గోళ్లు అరిగి, తోకకు బురద పట్టి, నక్క బయటికి వచ్చింది. ఈసారి తల బాగా వంచుకునే వచ్చింది, వాకిలి అంత ఎత్తున్నా.

బయట గాడిద వెనక్కి తిరిగి నిలబడి ఉంది. రెండు తన్నులు తన్నింది. నక్క తుమ్మపొదలో పడింది.

"నేను నీకు రెండు ఇచ్చాను, నువ్వు నాకు ఒక్కటీ ఇవ్వలేదు" అంది గాడిద. "సగటున చెరొకటి. సమానమే కదా బావా?"

ఆ రాత్రికి ఎద్దు వాకిలి దగ్గర పడుకుంది, తడిక మేక కట్టింది, పెట్ట ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

సగటు చెప్పినవాడి తెలివి చూసి తల ఊపకండి. ఎవరెవరిని కలిపి తీశాడో, అది ఎవరి ఎత్తుకు సరిపోయిందో చూసి అప్పుడు కాలు తాటించండి.