పేరమ్మ చూరులోని ఉత్తరాలు

ఆస్థానకవి చనిపోగానే, ఆయన చేత్తో రాసిన ఉత్తరాలన్నీ కోటకు చేర్చమన్నాడు రాజు. కవిగారి అక్క, విస్తళ్ళు కుట్టుకుని బతికే పేరమ్మ గుడిసె ముందు దివాను పల్లకీ దిగి, చూరులోంచి తాటాకు ఉత్తరాల కట్ట లాగాడు.

“మా తమ్ముడు నాకు రాసుకున్నవి బాబూ!”

“రాజుగారి ఉప్పు తిని రాసిందంతా రాజుగారిదే.”

“చిత్తం. అయితే అందులో ఇచ్చిన మాటా ఆయనదే. ‘వచ్చే నెల వచ్చి నీ చేతి ముద్ద తింటానక్కా’ అని ప్రతి ఉత్తరంలోనూ ఉంది. ఇరవయ్యేళ్ళు ఎదురుచూశాను. ఇక రాజుగారినే రమ్మనండి, వడ్డిస్తాను.”

మాట రాజుగారిది కాదంటే ఉత్తరమూ ఆయనది కాదు. దివాను కట్ట ఆమె చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం కూడా పేరమ్మ రెండు విస్తళ్ళు వేసింది. ఒకదాంట్లో అన్నం పెట్టుకుంది. రెండోది గాలికి ఎగిరిపోకుండా దానిమీద ఉత్తరాల కట్ట పెట్టింది.