మింగిన మాటల ఓడ

అనగా అనగా, అలల చప్పుడు ఎప్పుడూ వినపడే ఒక తీరం. ఆ తీరాన మకరపురి అనే రేవు. ఆ రేవులో నాగశెట్టి అనే వర్తకుడికి ఓడలు కట్టే పెద్ద శాల ఉండేది.

వంద మంది పనివాళ్లు అక్కడ పనిచేసేవారు. కర్ర కోసేవారు కోస్తుండేవారు. పలకలు చెక్కేవారు చెక్కుతుండేవారు. పలకల మధ్య సందుల్లో కొబ్బరిపీచు కూరి, పైన గుగ్గిలం పూసేవారు పూస్తుండేవారు. కానీ ఆ శాలలో ఒక వింత ఉండేది. ఎవరూ మాట్లాడేవారు కాదు.

పాట లేదు. నవ్వు లేదు. పోట్లాట కూడా లేదు. వంద సుత్తులు ఒకేసారి లేచేవి, ఒకేసారి పడేవి. దూరం నుంచి వింటే ఏదో పెద్ద జంతువు గుండె కొట్టుకుంటున్నట్టు ఉండేది. ఆ దారిన పోయే చేపల బుట్టలవాళ్లు అడుగులు గబగబా వేసేవారు.

శెట్టికి మాత్రం అది ముచ్చటగా ఉండేది. "చూశారా, నా మనుషులు ఎంత క్రమంగా ఉంటారో!" అని వచ్చిన వారందరితో చెప్పుకునేవాడు.

ఇలా ఉండగా, సముద్రం అవతల ఉన్న శంఖద్వీపంలో కరువు పడింది. రాజు మణికేతుడు శెట్టిని పిలిపించాడు.

"శెట్టీ, దీవిలో జనం ఆకులు ఉడకబెట్టుకుని తింటున్నారట. వానగాలులు మొదలయ్యేలోగా ధాన్యం చేరాలి. మూడు ఓడలు కట్టించు."

"చిత్తం మహారాజా," అన్నాడు శెట్టి.

మొదటి ఓడ తయారయింది. ధాన్యం నింపారు. ఓడ నడిపే మసేను అనే సరంగు పదిమంది నావికులతో తెరచాప ఎత్తాడు. ఓడ హంసలా కదిలిపోయింది.

మూడో రోజు పొద్దున రేవును పొగమంచు కమ్మేసింది. ఆ మంచులోంచి ఒక నల్లటి ఆకారం మెల్లగా వచ్చి ఒడ్డును తాకింది. చూస్తే అదే ఓడ! ఒక్క బస్తా కూడా కదలలేదు. నావికులు నిలువునా బిగుసుకుపోయి కూర్చున్నారు.

"ఏమైంది?" అని అరిచాడు శెట్టి.

మసేను చుక్కాని వైపు వేలు చూపాడు. "చుక్కాని నా మాట వినలేదు శెట్టిగారూ. కుడికి తిప్పితే ఎడమకు తిరిగింది. గాలికి ఎదురొచ్చింది. దీనికి వెళ్లడం ఇష్టం లేదు."

శెట్టి నమ్మలేదు. "పనిలో అలుసు పెరిగింది. అదీ సంగతి," అన్నాడు. పదిమందికి ఒకడు చొప్పున బెత్తం పట్టిన కాపలావాళ్లను పెట్టాడు. దగ్గినా తప్పే. తల తిప్పినా తప్పే. రెండో ఓడ ఇంకా తొందరగా తయారయింది.

అది కూడా వెళ్లింది. ఐదో రోజు మంచులోంచి అది కూడా తిరిగి వచ్చింది. ఈసారి దాని మీద ఒక్క మనిషి లేడు. భయపడిన నావికులు చిన్న పడవలోకి దూకి, రెండు రోజులు తెడ్లు వేసుకుంటూ మరో ఊరి ఒడ్డుకు చేరారని తర్వాత తెలిసింది. ఓడ మాత్రం దారి తెలిసిన ఆవులా తనంతట తాను వచ్చి, శాల ముందు నిలబడింది. దాని కడుపులోంచి సన్నగా ఏదో సణుగుడు వినిపించింది. రేవు జనం ఇళ్లలోకి వెళ్లి తలుపులు వేసుకున్నారు.

శెట్టికి మొదటిసారి భయం వేసింది. "బెదిరిస్తే పని కాలేదు. మంచి చేసుకుందాం," అనుకున్నాడు. బెత్తాలవాళ్లను పంపేశాడు. బూరెలు వండించాడు, పులిహోర కలిపించాడు. అందరికీ కొత్త పంచెలు, కొత్త చీరలు పంచాడు. సన్నాయి మేళం పెట్టించాడు. బాగా పనిచేసినవాడంటూ చెక్క మేకులు కోసే గవరయ్య మెడలో బంతిపూల దండ వేశాడు.

"తృప్తిగా ఉందా?" అని అడిగాడు.

"చిత్తం. తృప్తిగా ఉంది," అన్నారు వందమందీ ఒకే గొంతుతో.

వారం తర్వాత శెట్టి మళ్లీ శాలకు వచ్చాడు. గవరయ్య మెడలో ఆ దండ ఇంకా ఉంది. పూలు ఎండి, నల్లబడి, చీమలు పాకుతున్నాయి.

"ఇదేమిటయ్యా? తీసెయ్యలేదా?"

"తమరు తియ్యమనలేదు దొరా," అన్నాడు గవరయ్య. రెప్ప కూడా వెయ్యలేదు.

మూడో ఓడ పూర్తయ్యే నాటికి రాజు దగ్గర నుంచి కబురొచ్చింది. "దీవిలో పసిపిల్లలు నీరసించిపోతున్నారు. ఈసారి ఓడతో పాటు నువ్వు కూడా వెళ్లు. రేపే బయలుదేరు."

శెట్టి పరుగున శాలకు వచ్చాడు. ఒక్కొక్క పనివాడి దగ్గరకూ వెళ్లాడు. "ఓడ బాగుందా?" అని అడిగాడు. "చిత్తం, బాగుంది." పక్కవాణ్ణి అడిగాడు. "చిత్తం, బాగుంది." అదే గొంతు, అదే చూపు. అందరి ముఖాలూ ఒకే అచ్చులో పోసినట్టు ఉన్నాయి.

అది మిట్టమధ్యాహ్నం. పనివాళ్లు అన్నాలకు లేచారు. శెట్టి ఒక్కడే నిచ్చెన దిగి ఓడ కడుపులోకి వెళ్లాడు. లోపల చల్లగా ఉంది. పచ్చి కర్ర వాసన. పలక మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి చటుక్కున తీశాడు. కర్ర వణుకుతోంది.

మెల్లగా చెవి ఆనించాడు.

"ఈ పలక ఆరలేదు. నీళ్లలో వంగుతుంది. చెబితే ఊరుకుంటారా?"

ఎవరో గొణుగుతున్నారు! శెట్టి రెండో పలకకు చెవి పెట్టాడు.

"ఇక్కడ ఇంకో గుప్పెడు పీచు కావాలి. అడగడం ఎందుకు, తిట్టించుకోవడం ఎందుకు?" అది పీచు కూరే నూకాలమ్మ గొంతు.

మరో పలక. మరో గొంతు. "చుక్కాని వంకరగా కూర్చుంది. నాకెందుకులే." ఇంకో పలక. "పొద్దు ఎప్పుడు వాలుతుందో." వంద గొంతులు గోడల నిండా గుసగుసలాడాయి. పనివాళ్లు మింగేసిన ప్రతి మాటా వాళ్ల చేతుల్లోంచి కర్రలోకి దిగిపోయింది.

శెట్టి ఇంకా కిందికి వంగాడు. అప్పుడు ఓడ అడుగు దూలంలోంచి, అన్నిటికన్నా కింద నుంచి, ఇంకొక గొంతు లేచింది. అది అతని సొంత గొంతు.

"ఆలోచించడం నా పని. చెక్కడం నీ పని. నోరు ముయ్యి."

శెట్టి ఒక్క ఉదుటున పైకి ఎక్కి, ఇసుకలో పడ్డాడు. అక్కడ నూకాలమ్మ ఒక్కతే కూర్చుని పీచు దువ్వుతోంది.

"నూకాలమ్మా! ఓడలో... ఓడలో మీ గొంతులు ఉన్నాయి."

ఆమె పీచు దువ్వుతూనే ఉంది.

"ఏం జరిగిందో చెప్పు, నీకు పుణ్యం ఉంటుంది."

"చెబుతాను శెట్టిగారూ. చెప్పాక తమరు ఏం చేస్తారో అది ముందు చెప్పండి," అంది నూకాలమ్మ.

శెట్టి ఆమె ఎదురుగా ఇసుకలో కూర్చున్నాడు. "వింటాను. అంతకు మించి ఏం చెయ్యాలో నాకు తెలియదు," అన్నాడు.

అతను నిజం చెప్పడం ఆమెకు కొత్తగా అనిపించింది. చేతిలో పీచు పక్కన పెట్టింది.

"మూడేళ్ల కిందట మా పెద్ద వడ్రంగి పైడన్న, కర్ర పచ్చిగా ఉంది, ఆరనిద్దామని తమతో చెప్పాడు. తమరు నోరు ముయ్యమన్నారు. కర్ర చెక్కే బాడిస నెత్తిన పెట్టించి, పొద్దు గుంకే దాకా అందరి ముందూ ఎండలో నిలబెట్టారు. ఆ రోజు మేమందరం చూశాం. ఆ రోజు నుంచే ఇక్కడ మాట లేదు."

శెట్టికి ఆ రోజు గుర్తు కూడా లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

అన్నాలు తిని వచ్చిన వందమందిని పిలిచాడు. పైడన్న ముందు నిలబడ్డాడు. "పైడన్నా, ఆ రోజు నువ్వు చెప్పిందే నిజం. తొందరపడి పచ్చి కర్ర తెప్పించింది నేను. తప్పు నాది, అవమానం నీకు జరిగింది. నన్ను క్షమించు. ఈ ఓడలో ఏం లోపం ఉందో చెప్పండి."

ఎవరూ పలకలేదు. అలలు వచ్చి పోయాయి. శెట్టి అక్కడే నిలబడ్డాడు. అతని నీడ బారెడు సాగింది. అయినా కదలలేదు.

చివరికి పైడన్న గొంతు సవరించుకున్నాడు. మూడేళ్లుగా 'చిత్తం' తప్ప పెద్దగా పలకని గొంతు, తుప్పు పట్టిన గొళ్లెంలా కిర్రుమంది.

"ఎడమవైపు పచ్చి పలకలన్నీ ఊడదీసి, ఆరిన కర్ర వెయ్యాలి. పదిరోజుల పని."

రేపే బయలుదేరమని రాజాజ్ఞ! వందమందీ శెట్టి ముఖం వంక చూశారు.

"ఊడదియ్యండి," అన్నాడు శెట్టి. "రాజుగారితో నేను మాట్లాడతాను."

ఆ సాయంత్రమే కోటకు వెళ్లి, తప్పంతా తన మీద వేసుకుని, పదిరోజుల గడువు అడిగాడు. అప్పటిదాకా, రేవులో ఉన్న చిన్న పడవల్లో కొంత ధాన్యం పంపుతానని మాటిచ్చాడు. రాజు కోపగించాడు, కానీ ఒప్పుకున్నాడు.

మర్నాడు మొదటి పలక ఊడదీస్తుంటే, ఆ సందులోంచి ఎవరో ఎన్నాళ్లో బిగబట్టిన ఊపిరి వదిలినట్టు చల్లటి గాలి బయటకు వచ్చింది. అయినా ఎవరూ పని వదల్లేదు.

రోజూ పొద్దున్నే శెట్టి వాళ్లతో పాటు ఇసుకలో కూర్చునేవాడు. ఎవరేం చెప్పినా వినేవాడు. వీలైనది ఆ పొద్దే చేయించేవాడు. వీలుకానిది ఎందుకు కాదో విడమరిచి చెప్పేవాడు. ఎవరికి ఏ పని మీద మనసు ఉందో అడిగి ఆ పనే ఇచ్చాడు. నూకాలమ్మకు కొలతలు బాగా తెలుసని అప్పుడే తెలిసింది. చుక్కాని సరిచేసింది ఆమే. రెండో రోజు ఇద్దరు పోట్లాడుకున్నారు. నాలుగో రోజు ఎవరో కూనిరాగం తీశారు.

పదకొండో రోజు ఓడ కదిలింది. పైడన్న, నూకాలమ్మ, గవరయ్య తమంతట తామే ఎక్కారు. "మేం కట్టింది ఎలా పోతుందో చూడొద్దా?" అన్నారు.

రెండు రోజులు బాగానే సాగింది. మూడో నాడు ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. గాలి ఊళ పెట్టింది. అలలు ఓడను ఎత్తి కుదేశాయి. నీళ్లు లోపలికి చిమ్ముతున్నాయి, ఎక్కడి నుంచో తెలియడం లేదు.

అప్పుడు గవరయ్య శెట్టి కాళ్ల ముందు కూలబడ్డాడు. "దొరా! ఆఖరి రోజు చెయ్యి నొప్పితో రెండు మేకులు పొట్టిగా కోశాను. కనపడకుండా పైన గుగ్గిలం పూసేశాను. తప్పు నాదే."

గాలి హోరులో కూడా అందరూ ఆ మాట విన్నారు. శెట్టి ముఖం ఎర్రబడింది. ఓడ నిండా ధాన్యం, అవతల ఆకలితో జనం, కాళ్ల కింద సముద్రం. పాత తిట్టు నాలుక చివరి దాకా వచ్చింది. పైడన్న కళ్లు దించుకున్నాడు. నూకాలమ్మ చేతిలోని పీచు గట్టిగా పట్టుకుంది.

శెట్టి ఆ తిట్టును పళ్ల మధ్య నొక్కిపెట్టాడు.

"ఎక్కడ?" అని మాత్రం అడిగాడు.

గవరయ్య ముందు పరుగెత్తాడు. శెట్టి అతని నడుము పట్టుకుని అలల కుదుపుకు పడిపోకుండా ఆపాడు. పైడన్న కొత్త మేకులు దిగ్గొట్టాడు. నూకాలమ్మ పీచు కూరింది. నీళ్లు ఆగాయి.

మర్నాటి పొద్దుకు శంఖద్వీపం కనిపించింది. ఒడ్డున పుల్లల్లాంటి చేతులు చాపి పిల్లలు నిలబడి ఉన్నారు. మొదటి బస్తా భుజాన వేసుకుని దిగింది గవరయ్య.

నీతి: పనివాడి మాటను నొక్కేసేవాడికి చేతులు మాత్రమే దక్కుతాయి, ఆ మాటను ఆదరించి వినేవాడికి మనసు కూడా దక్కుతుంది.